ఎక్కిళ్ళు లేని సరుకు

బాగున్న సరుకును చూస్తే భూతద్దానికి నిద్ర పట్టదు. గీత పడ్డ సరుకో, కాలు వంగిన సరుకో అయితే ఆ లోపం విలువెంతో లెక్కకట్టి పక్కన పెట్టేయొచ్చు. ఏ లోపమూ కనపడకపోతే అది ఎక్కడ దాక్కుందో వెతకాలి. ఆ వెతుకులాటకయ్యే శ్రమ ఎవడిస్తాడు?

ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా లేదు. కంటికి బిగించుకునే చిన్న అద్దం ముప్పయ్యేళ్ళుగా మెడలో వేలాడుతుండటంతో బజారంతా భూతద్దం అనే పిలుస్తుంది. కొట్టు మూడో అంతస్తులో, మెట్ల పక్కన. కింది రెండు అంతస్తులూ కొత్త ఫోన్లు, పెద్ద తెరలు, అరుపులు. ఈయన అమ్మేది తయారీ ఆగిపోయిన పాత చిప్పులు.

చిప్పులు చేసే కంపెనీలది ఎడతెగని పరుగు. రెండు మూడేళ్ళకోసారి లోపలి గీతలు ఇంకా సన్నం చేస్తాయి, అంతే చోటులో రెట్టింపు పని కుక్కుతాయి, పాత లైను మూసేసి కొత్తదాని వెంట పడతాయి. లిఫ్టుకీ, నేత మిషనుకీ, ఆసుపత్రిలో ఊపిరి పోసే మిషనుకీ ఆ పరుగుతో పని లేదు. అవి పెళ్ళినాటి చిప్పుతోనే కాపురం చేస్తాయి. అది పోయిందా, అలాంటిదే ఇంకొకటి తెచ్చి పెట్టాలి. "కంపెనీకి చిప్పు అయిదేళ్ళ ముచ్చట, మిషనుకి ముప్పయ్యేళ్ళ కాపురం" అంటాడు భూతద్దం. ఆ మధ్య పాతికేళ్ళ మీదే ఆయన ఇల్లు నిలబడింది.

దొరకని సరుకు ఉన్నచోట దొంగ సరుకు పుట్టగొడుగులా లేస్తుంది. చెత్తలో పారేసిన బోర్డుల్లోంచి పీకిన చిప్పుల్ని పైన గీకి, నల్ల రంగు పూసి, కావలసిన నంబరు అచ్చేసి అమ్మేవాళ్ళు ఉన్నారు. ఈ వ్యాపారంలో వాటికి మర్యాదైన పేరు "సరిచేసిన సరుకు". ఆ మాట వింటే భూతద్దం ఎదుటివాడికి టీ కూడా ఇప్పించడు.

ఆ సోమవారం ఆయన పంటి నొప్పితో డాక్టరు దగ్గర కూర్చున్న వేళ, బావమరిది నాలుగు వందల చిప్పులు కొట్టుకి తెచ్చాడు. బావ వచ్చేలోపే అందులో నలభై తీసుకెళ్ళి ఇంజనీరమ్మకి ఇచ్చేశాడు కూడా. ఆసుపత్రుల్లో ఊపిరి మిషన్లు బాగుచేసే కంపెనీ ఆమెది. కాలాన్ని లెక్కపెట్టే ఈ పాత చిప్పు కోసం నాలుగు నెలలుగా ఫోన్లు చేస్తోంది. శుక్రవారానికల్లా నలభై మిషన్లు తిరిగి ఆసుపత్రులకు వెళ్ళాలి.

"ఎక్కడివిరా?" దవడ పట్టుకునే అడిగాడు భూతద్దం.

"ఒకచోట దొరికాయి బావా."

"ఒకచోట అంటే ఊరా, పేరా?"

"గొడౌన్ అనుకో."

"నేనెందుకు అనుకోవాలి? నువ్వు చెప్పు."

"సరుకు చూడు బావా, చిరునామాతో పనేంటి? పిల్ల నచ్చాక పక్కింటి గోడ కొలుస్తానంటావేం?"

బావమరిదికి నలభై నాలుగేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా ఈ కొట్టుకి సరుకు పట్టుకొచ్చేది అతనే. నోరు తెరిస్తే మూతపడదు. అలాంటివాడు నీళ్ళు నమిలాడంటే ఆ నీళ్ళలో ఏదో ఉంది.

భూతద్దం అద్దం బిగించాడు. రంగు కరిగించే అసిటోన్‌లో దూది తడిపి ఒక చిప్పు వీపు రుద్దాడు. దూది తెల్లగానే వచ్చింది. అంటే రంగు పూసింది కాదు. కాళ్ళు చూశాడు. ఒకసారి బోర్డులో కాపురం చేసి వచ్చిన కాళ్ళయితే టంకం మరక దాగదు. ఇవి ఇంకా గడప దాటని కాళ్ళు. అక్షరాలు తిన్నగా ఉన్నాయి. చిప్పులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టాలు కూడా కంపెనీవే.

అంతా బాగుంది. అదే బాగోలేదు.

ఇనప బీరువాలోంచి పాత కాగితాల ఫైలు తీశాడు. ఈ చిప్పు తయారీ ఆపేస్తున్నామని కంపెనీ అప్పట్లో రాసిన ఉత్తరం అందులో ఉంది. చిప్పు మీద అచ్చైన వారం నంబరుతో పోల్చాడు. ఉత్తరంలో చెప్పిన ఆఖరి తేదీ దాటిన తొమ్మిది వారాలకు ఈ చిప్పులు పుట్టాయి! తండ్రి పోయిన తొమ్మిది నెలలకు బిడ్డ పుడితే లోకం సర్దుకుంటుంది. కంపెనీ చెయ్యి కడుక్కున్న తొమ్మిది వారాలకు నాలుగు వందల మంది పుడితే?

అట్టపెట్టె తిరగేశాడు. ఒక పక్క అరచేయంత జిగురు మరక. అక్కడ ఉన్న కాగితాన్ని ఎవరో పీకేశారు.

అంతలో బావమరిది ఫోను మోగింది. తీసి చూసి, మెట్ల మీదికి వెళ్ళి మాట్లాడొచ్చాడు. పద్దెనిమిదేళ్ళలో అతను మెట్ల మీదికెళ్ళి మాట్లాడటం అదే మొదలు. అప్పు వాళ్ళతో కూడా కొట్టు మధ్యలో నిలబడి అరిచేవాడు.

ఇంట్లో కంచం ముందు కూర్చుని భూతద్దం భార్యతో అన్నాడు: "మీ తమ్ముడు ఏదో దాస్తున్నాడు."

"మీ దగ్గర దాచకపోతే ఎవరి దగ్గర దాస్తాడు? ఉప్పు డబ్బాకి కూడా అద్దం పెట్టి చూస్తారు."

"నవ్వులాట కాదు."

"పెళ్ళిచూపుల్లో నన్నూ అలాగే చూశారు. ఏం లోపం దొరికింది?"

"తమ్ముడు."

ఆమె గరిటె కింద పెట్టింది. "చూడండి, వాడిని ఒక మాట అనే ముందు రెండుసార్లు తూకం వేసుకోండి. వాడు ఆ కొట్టు మెట్లు దిగితే, ఈ ఇంట్లో నేనూ నోరు కట్టేసుకుంటాను."

ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు. ఈశ్వరుడి బావమరిది ఆయన కొట్టుకి సరుకు తేడు కాబట్టి తెలియలేదు, పట్టుకున్నాక తన ఇంట్లో తను ఎక్కడ కూర్చోవాలన్నది అసలు చిక్కు. భూతద్దం లెక్క ఇప్పుడు ఒక్క గీతకి దిగింది. ఈ నాలుగు వందలూ నకిలీవైతే బావమరిదీ నకిలీయే.

మంగళవారం ఇంజనీరమ్మే ఫోన్ చేసింది. "బాబాయ్, సరుకు బంగారం. పది చిప్పులు పరీక్ష పెట్టాం, పదీ పాస్. కంపెనీ పుస్తకంలో ఎలా ఉందో అలా, వెంట్రుకంత తేడా లేదు."

"వెంట్రుకంత కూడానా?"

"అదేంటి బాబాయ్, ఫెయిలైతే సంతోషించేలా ఉన్నారే?"

ఫోను పెట్టేశాక ఆయనకి ఛళ్ళున తగిలింది. వెంట్రుకంత తేడా ఉండాలి! ఈ చిప్పుకి పుట్టుకతో ఒక జబ్బుంది. రెండు వందల యాభై ఆరు దాకా లెక్కపెట్టి మళ్ళీ మొదటికొచ్చేటప్పుడు ఒక్క అంకె ఎక్కువ తీసుకుంటుంది. బజారులో దాన్ని ఎక్కిళ్ళు అనేవాళ్ళు. కంపెనీ కూడా దాచలేదు. 'ఇది ఇంతే, మీరే సర్దుకోండి' అని ఒక పేజీ తప్పుల పట్టీ పంపింది. ఆ పట్టీ చదివినవాళ్ళు ఇప్పుడు సగం మంది లేరు. ఇంజనీరమ్మ అప్పటికి పుట్టి ఉంటే గొప్ప.

బీరువా అడుగు అరలోంచి ఒక డబ్బా తీశాడు. అందులో యాభై రెండు అసలు చిప్పులు ఉన్నాయి, ఆయన చేత్తో కంపెనీ పెట్టెలోంచి తీసుకున్నవి. ఏటేటా విలువ పెరిగే పంట అది, ఎవరు బతిమాలినా అమ్మలేదు. ఒక చిప్పును పరీక్ష చెక్కకి తగిలించాడు. చెక్క మీద రెండు చిన్న దీపాలు ఉంటాయి. ఒకటి మంచి గడియారంతో, రెండోది చిప్పుతో మిణుకుమంటాయి. రెండూ అడుగులో అడుగేసి నడిచాయి. రెండు వందల యాభై ఆరు దాటగానే చిప్పు దీపం ఒక్కసారి తడబడింది.

ఇప్పుడు బావమరిది తెచ్చిన చిప్పు పెట్టాడు. తడబడలేదు. రెండోసారీ, పదోసారీ తడబడలేదు.

దొరికాడు దొంగ! పుస్తకం చూసి కొత్తగా గీసి, పాత పేరు అచ్చేశారు. పుస్తకంలో జబ్బు సంగతి ఉండదు కదా, అందుకే నకిలీవాడి చిప్పు అసలు కంటే ఆరోగ్యంగా ఉంది.

అప్పుడే ఇంజనీరమ్మకి ఫోన్ చేసి ఉండాల్సింది. ఫోను తీశాడు, నంబరు నొక్కాడు, ఆపేశాడు. ఏమని చెబుతాడు? మా బావమరిది దొంగ సరుకు అంటగట్టాడనా? శుక్రవారం దాకా టైముంది, ముందు వాడు ఎవరి దగ్గర తెచ్చాడో పట్టుకుందాం, ఆ తరవాత చెబుదాం అనుకున్నాడు. అనుమానం ఎంత చురుకైనదైనా సొంత గడప దగ్గర కుంటుతుంది.

బుధవారం అడిగేశాడు. "ఎక్కిళ్ళేవిరా?"

బావమరిది మొహం పాలిపోయింది. "ఏ ఎక్కిళ్ళు?"

"తెలియనట్టు మాట్లాడకు. ఇవి అసలువి కావు."

"అసలువే బావా. అక్క మీద ఒట్టు."

"మా ఆవిడని మధ్యలోకి లాగకు. ఎవరి దగ్గర తెచ్చావో చెప్పు."

"మాటిచ్చాను, చెప్పలేను. పద్దెనిమిదేళ్ళు నీ సంచి మోశాను. ఒక్కసారి అద్దం తీసి చూడలేవా నన్ను?"

"అద్దం తీస్తే నాకేమీ కనపడదురా."

గురువారం పొద్దున బావమరిది ఖాళీ సంచీతో బయల్దేరాడు. కొట్టుకి తాళం వేసి, పరీక్ష చెక్కను చంకలో పెట్టుకుని భూతద్దం వెనకే నడిచాడు. దొంగల మొహం మీదే దీపాలు వెలిగించి చూపించాలని ఆయన పట్టుదల. నాలుగు వీధులు దాటి, సున్నం రాలిన ఒక పాత భవనంలో రెండో అంతస్తు ఎక్కాడు బావమరిది. తలుపు ఓరగా ఉంది. రంగు డబ్బాలూ, అచ్చు యంత్రమూ ఊహించుకుంటూ భూతద్దం తలుపు నెట్టాడు.

గదిలో దుప్పటి పక్కన దుప్పటి పరిచినంత పెద్ద కాగితం నేల నిండా ఉంది. ఎరుపు, పచ్చ, నీలం గీతలు చీమల బారుల్లా దాని నిండా పాకుతున్నాయి. బావమరిది మోకాళ్ళ మీద కూర్చుని ఒక అంచు చుడుతున్నాడు. కుర్చీలో డెబ్భై ఎనిమిదేళ్ళ పెద్దావిడ.

"మీరేనా అద్దం ఆయన?" అంది ఆవిడ. "రండి. చెప్పులు అక్కడే వదలండి, కాగితం మీద అడుగు వెయ్యకండి. వీడు మూడు రోజులుగా మింగలేక కక్కలేక చస్తున్నాడు. చెప్పెయ్యరా అబ్బాయ్."

"మీరే చెప్పండమ్మా. నేను చెబితే మా బావ ఆ మాటకి కూడా అసిటోన్ రాస్తాడు."

ఈ చిప్పు గీసిన ఆరుగురిలో ఆవిడ ఒకరు. ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి కూతురి దగ్గరికి, ఒక్క గదిలోకి వెళ్ళిపోతోంది. పాత సామాను కొనడానికొచ్చి సర్దిపెడుతున్న బావమరిదికి మంచం కింద పెట్టె చూపించింది.

"ఉద్యోగంలో చేరినప్పుడు చిప్పు గీతల్ని ఎర్ర పొర మీద బ్లేడుతో కోసేవాళ్ళం నాయనా," అంది. "కోసిన ముక్క ఊడిరాక అతుక్కుపోయిందా, ఆ నెల తయారైనవన్నీ చెత్తబుట్టకే. ఈ చిప్పు నాటికి కంప్యూటర్లు వచ్చాయి. కానీ తప్పులు వెతికేది మనుషులే. ఇదిగో, చిప్పు బొమ్మ మొత్తం ఈ కాగితం మీద అచ్చేసి క్యాంటీన్ నేల మీద పరిచి, మేజోళ్ళతో పాకుతూ, చూసిన ప్రతి గీత మీదా ఆకుపచ్చ పెన్సిల్‌తో గీసుకుంటూ పోవాలి. పదిహేడు రోజులు పాకాను. ఇప్పుడు ఒక్క చిప్పుకి ఊరంత జనం పని చేస్తారట. మొత్తం ఎలా ఉంటుందో ఒక్కరికీ తెలియదట. మాకు మోకాలికి మోకాలికి తెలిసేది."

"మరి ఎక్కిళ్ళు ఎలా వచ్చాయమ్మా?" భూతద్దం గొంతులోంచి పోలీసు ఇంకా దిగిపోలేదు.

ఆవిడ చేతికర్రతో కాగితం మూల చూపించింది. అక్కడ అరచేయంత మేర ఆకుపచ్చ పెన్సిల్ పడలేదు. గుండ్రంగా నలిగి ఉంది.

"అది నా మోకాలు. ఆ మూల చూస్తున్నంతసేపూ దాని మీదే బరువు పెట్టుకుని కూర్చున్నాను. తెగిన గీత దాని కిందే ఉంది. ఊరంతా వెతికాను, నా కింద తప్ప."

 భూతద్దం చెక్కను బల్ల మీద పెట్టి, జేబులోని పాత చిప్పు తగిలించాడు. రెండు దీపాలూ నడిచాయి. ఆవిడ పెదవులతో లెక్కపెట్టింది. దీపం తడబడగానే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఇదే. ఇంకా అలాగే ఉందే!"

"మరి ఈ నాలుగు వందలు?"

"ఆఖరి తేదీ దాటాక, మిషన్లు విప్పేలోపు మేనేజరుని బతిమాలుకున్నాను. ఒక్క విడత సరిచేసి తయారుచేయించాడు. నమూనాలు పంపాం. కొన్నాళ్ళకే తిరిగొచ్చేశాయి. మిగతావి నలగ్గొట్టమని కాగితం అంటించారు. నేను కాగితం పీకి, రోజూ కొన్ని అన్నం సంచీలో ఇంటికి తెచ్చుకున్నాను. ఈ వయసులో దొంగ అనిపించుకోలేక, నా పేరు చెప్పొద్దని వీడి దగ్గర మాట తీసుకున్నాను. కానీ సరిచేసినవని మాత్రం తప్పకుండా చెప్పమన్నాను."

భూతద్దం బావమరిది వైపు తిరిగాడు. "చెప్పమన్నారట."

"సరిచేసిన సరుకు అని నీతో చెప్పాలా బావా?" అన్నాడు బావమరిది. "ఆ మాట పూర్తయ్యేలోపు నన్ను మెట్ల మీంచి తోసేవాడివి కాదూ?"

అది నిజం. ఆ లెక్కలో భూతద్దానికి బాకీ తేలింది. సరుకు అసలుది, బావమరిదీ అసలువాడే. గుండె మీద బరువు దిగాల్సిన చోట ఇంకో బరువు ఎక్కింది. ఆవిడ మాటల్లో ఒక ముక్క ఆయన చెవిలో ముల్లులా ఉండిపోయింది.

"తిరిగొచ్చాయన్నారు. ఎందుకు?"

ఆవిడ చూపు కాగితం మీదికి దించుకుంది. "అందరూ నా తప్పుకి తగ్గట్టు ప్రోగ్రాం రాసుకున్నారు. ఒకటి ఎక్కువ లెక్కపెడుతుంది కదా అని ముందే ఒకటి తగ్గించారు. తప్పు దిద్దితే వాళ్ళ లెక్క తప్పింది. ఆ సంగతి వీడికి చెప్పడానికి మనసు రాలేదు. ఇన్నేళ్ళలో ఆ మిషన్లన్నీ మారిపోయి ఉంటాయనుకున్నాను."

"మిషన్లు మారితే నాకు కూడెక్కడిదమ్మా?" అంటూ భూతద్దం ఫోను తీశాడు.

"ఇంజనీరమ్మా, ఆ మిషన్లో గడియారాలు ఎన్ని?"

"రెండు. ఒకదాన్ని ఒకటి కనిపెట్టుకుని ఉంటాయి. తేడా హద్దు దాటితే అలారం కొట్టి ఆగిపోతుంది. ఎందుకు బాబాయ్?"

"నువ్వు ఎంతసేపు నడిపి చూశావు?"

"పది నిమిషాలు. పద్ధతి అదే."

"ఒకటి నడిపి వదిలెయ్. నేను చెప్పేదాకా ఆపకు."

ఎదురుచూస్తూ ముగ్గురూ కాగితాలు చుట్టారు. మధ్యాహ్నం ఎండ కిటికీ దాటి గోడ ఎక్కాక ఫోను మోగింది.

"మూడు గంటల నలభై నిమిషాలు," అంది ఇంజనీరమ్మ. "అలారం కొట్టి ఆగిపోయింది. రేపీపాటికి దాని మీద మనిషి ఉండేవాడు. మీకెలా తెలిసింది?"

భూతద్దం చెప్పాడు, మోకాలి సంగతి తప్ప.

"ఎక్కిళ్ళు లేవని ఎప్పుడు చూశారు?"

అబద్ధం చెప్పడానికి చోటుంది. ఎవరూ తనిఖీ చెయ్యరు. ఆయన బావమరిది మొహం చూశాడు.

"మంగళవారం."

"మంగళవారం చూసి గురువారం చెబుతారా బాబాయ్? ఊరందరి సరుకునీ అనుమానిస్తారు కదా మీరు!"

"ఇంటివాడని..."

"అనుమానం మీ ఇంటి కోసమా, నా మిషన్ కోసమా?" అటువైపు నిట్టూర్పు వినిపించింది. "ప్రోగ్రాం మార్చాలంటే అనుమతులకే ఆర్నెల్లు. రేపటికి నేనేం చెయ్యను?"

"నా దగ్గర యాభై రెండున్నాయి, ఎక్కిళ్ళవి. నలభై సాయంత్రానికి నీ బల్ల మీద ఉంటాయి. వాటికి నీ ఖాతాలో డబ్బేమీ రాయను."

పెద్దావిడ చెక్క మీది దీపాలనే చూస్తోంది. "సరిచేసినవి మాత్రం వద్దన్నారు, మళ్ళీ," అంది. తరవాత చాలాసేపటికి, "తప్పుదే కావలసి వచ్చిందన్నమాట," అని తనలో తను నవ్వుకుంది. ఆ నవ్వు ఏ ఖాతాలోదో భూతద్దానికి తెలియలేదు.

శుక్రవారం బావమరిది ఇంజనీరమ్మ దగ్గర్నించి నలభై చిప్పులూ వెనక్కి తెచ్చి, మిగతా పెట్టె పక్కన పెట్టాడు. భూతద్దం పెట్టె మీది జిగురు మరక మీద కొత్త కాగితం అంటించాడు: 'అసలువే. అమ్మకూడదు.' అంటించి, అలవాటు కొద్దీ లెక్కపెట్టాడు. మూడు వందల తొంభై ఎనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాడు. తొంభై ఎనిమిదే. చెయ్యి దానంతటదే అద్దం మీదికి వెళ్ళింది.

"రెండు తక్కువ, నాకు తెలుసు," అన్నాడు బావమరిది, టీ గ్లాసు లోంచి తల ఎత్తకుండానే. "నిన్న కాగితాలు చుట్టేటప్పుడు ఆవిడ అడిగింది, ఇవాళ వచ్చే దారిలో ఇచ్చొచ్చాను. నీకు చెప్పొద్దని మాట కూడా తీసుకుంది."

"మరి చెబుతున్నావేంట్రా?"

"చెప్పకపోతే వచ్చే గురువారం చెక్క చంకలో పెట్టుకుని మళ్ళీ నా వెనక మెట్లెక్కుతావు. నీ మోకాళ్ళు అంత బాగా లేవు బావా."

భూతద్దం అద్దం దించాడు. బావమరిదిని ఒట్టి కళ్ళతో కాసేపు చూశాడు. కాస్త మసకగానే కనిపించాడు. తరవాత పెట్టె దగ్గరికి లాక్కుని మూడోసారి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.